రెండు కార్బురేటర్లు, ఒక చెవి

నరసన్నపేట,
2014 జనవరి 22.

అప్పకి, తమ్ముడు జగన్నాధం నమస్కారాలు.

ఇక్కడ మేం బాగున్నాం. బొబ్బిలిలో నువ్వు, కోడలు, పిల్లలు కులాసా అని తలుస్తాను.

మొన్నటి పైలిన్ తుఫాను పెరట్లో షెడ్డు రేకులన్నీ ఎగరేసుకుపోయింది. కింద అయ్య లారీ బయటపడింది. ఇన్నాళ్లూ అక్కడే ఉందని తెలుసు. కానీ ఎండ తగిలి కనబడేసరికి పడుకున్న మనిషి లేచి కూర్చున్నట్టనిపించింది. అదే, మన పెట్రోలు ఫార్గో. రిటైరైన డ్రైవరుకి పనేముంది కనక? బాడీకి చెక్క కొట్టించాను, బ్రేకులు మార్చాను, ఇంజను విప్పి కడిగాను. తిరుగుతోంది గానీ లాగటం లేదు.

దానికి రెండు కార్బురేటర్లుండాల. ముందు మూడు సిలిండర్లకి ఒకటి, వెనక మూడింటికి ఒకటి. పెట్రోలు ధర పెరిగిన రోజుల్లో అయ్య ఒకటి ఊడదీసి, గొట్టాలు మార్చి, మిగిలినదాంతోనే లాగించాడు. పాత గొట్టాలు షెడ్డులో దొరికాయి. ఆ రెండో కార్బురేటరు నీ దగ్గరున్నాది. పంపించు.

ఇంకో మాట. జగన్నాధస్వామి గుడి కమిటీకి ఇప్పుడు జోగయ్యే పెద్ద. వాడితో మాట్లాడాను. ఈ ఆషాఢంలో రథయాత్ర మళ్లీ అయ్య లారీ మీదే. తోలేది నేనే.

ఫోను చెయ్యకు. ఇక్కడ సిగ్నలు బాగోలేదు. ఉత్తరం రాయి.

జగన్నాధం


బొబ్బిలి,
ఫిబ్రవరి 3.

ఒరే జగ్గా,

నువ్వు కిందటిసారి నాకు ఉత్తరం రాసింది ఆర్టీసీలో ఉద్యోగం వచ్చినప్పుడు. మళ్లీ ఇప్పుడు రాశావు. ఈ లెక్కన మూడోది అందుకోడానికి నేనుండను కాబట్టి దీన్నే రెండుసార్లు చదివాను.

హైవే పక్కనున్న ఊళ్లో సిగ్నలు లేదంటావు. బడిలో ఒక జీవితమంతా పిల్లల సాకులు విన్నదాన్ని. ఇది వాటిలో మధ్యరకం. సరే, కానీ.

కార్బురేటరు పంపుతున్నాను. నాకు సైన్సు టీచరుగా వేసినప్పటి నుంచీ ఏదో ఒకటి ఇస్తానంటూ ఉండేవాడు అయ్య. చివరికి దీన్ని ఊడదీసిన రోజున గుడ్డలో చుట్టి తెచ్చి, "ఇదిగోనమ్మా, బండి ఊపిరితిత్తి. ఎలా పీలుస్తాదో పిల్లలకి సూపించు" అన్నాడు. చూపించాను. గొంతు సన్నబడిన చోట గాలి వేగం పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, అందుకని పెట్రోలు తనంత తానే పైకొస్తుంది. ఎన్ని బ్యాచ్‌ల పదో తరగతి వాళ్లు దాని మూతి మీద మూతి పెట్టి ఊదారో. ఒక ఘనుడు లోపల శనగ గింజ వేశాడు. అది బయటికి రాగా నేను చూడలేదు. వెతుక్కో.

నేను రిటైరయ్యాక మా కోడలు దాన్ని వీధి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంది. పొద్దున ఊడబెరికాను. ఇప్పుడు తలుపూ కొట్టుకుంటోంది, కోడలూ కొట్టుకుంటోంది.

శ్రీకాకుళం బస్సు కండక్టరు చేతికిచ్చాను. అక్కడ బ్యాంకులో చేస్తున్న నా మనవరాలు అనిత అందుకుని నీ ఊరి బస్సులో వేస్తుంది. అనిత ఎవరని అడగకు, దాని పెళ్లి భోజనం తిన్నావు.

గుడి రథం చక్రాలు పుచ్చిపోయిన ఏడాది కదూ అయ్య లారీ ఇచ్చింది? ఏడాది పొడుగునా భావనపాడు నుంచి సాలూరు సంతకి ఎండుచేపలు మోసిన బండి. ముందు రోజు పసుపు నీళ్లతో ఎంత కడిగినా నెత్తళ్ల వాసన వదిలేది కాదు. స్వామి ముక్కు మూసుకుందామన్నా చేతులు పూర్తిగా లేవాయె. సర్దుకున్నాడు. దేవుళ్లు ముగ్గురి పేర్లూ మన ముగ్గురికీ పెట్టుకున్న భక్తుడు కదా అని ఊరూ సర్దుకుంది. అయ్య స్టీరింగు పట్టుకునేవాడు. పక్కన బలభద్రం అన్న కూర్చుని, జనంలోంచి జోగయ్య తండ్రి ఈల వేస్తే "ఆపు", మళ్లీ వేస్తే "పోనీ" అని అందించేవాడు. అన్న పోయాడు. నీ పక్కనెవరు?

నా వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఈ ఉత్తరం రెండు పూటలు పట్టింది. నీ సిగ్నలు త్వరగా బాగుపడాలని కోరుకుంటూ,

సుభద్ర


నరసన్నపేట,
మార్చి 30.

అప్పకి,

అందింది. శనగ గింజ లేదు, సుద్దముక్క ఉన్నాది.

రెంటినీ విప్పి, పెట్రోలులో నానబెట్టి, సన్నతీగతో రంధ్రాలు పొడిచి శుభ్రం చేశాను. అట్ట కోసి వాషర్లు చేశాను. బిగించాను. పక్కపక్కన కవల పిల్లల్లా కూర్చున్నాయి.

బిగించడం పెద్ద పని కాదు. రెండూ సమానంగా పీల్చాల, అదీ పని. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పీలిస్తే ఇంజను వణుకుతాది, ఆగుతాది, లేదా ఎగిరి ముందుకి పడతాది. రథయాత్రలో లారీ మనిషి నడక కంటే నెమ్మదిగా పోవాల. ముందు జనం, పైన స్వామి. అందుకని అయ్య చేసినట్టే చేశాను. రబ్బరు గొట్టం ఒక కొస కార్బురేటరు మూతి దగ్గర, రెండో కొస చెవిలో. ముందుదాని బుస విని, వెనకదాని బుస విని, స్క్రూ తిప్పుతూ కలిపాను. ఇప్పుడు రెంటిదీ ఒకటే బుస.

ఎన్నికలైనా ఈసారి మన వీధి ప్రశాంతంగా ఉన్నాది. మైకులే లేవు.

నా పక్కన ఎవరూ అక్కర్లేదు. ఎన్ని బస్సులు తోలాను, ఎవరు కూర్చున్నారు?

జగన్నాధం


బొబ్బిలి,
ఏప్రిల్ 14.

ఒరే జగ్గా,

మీ వీధిలో మైకులు లేవా? ఇక్కడ పొద్దున్నే ఒక పార్టీ, మధ్యాహ్నం ఒక పార్టీ, సాయంత్రం రెండూ కలిసి. వాటి దెబ్బకి మా వీధిలో వీణలు చేసే ఆయన తంతులు బిగించడం మానేసి మధ్యాహ్నాలు నిద్రపోతున్నాడు. అంత ప్రశాంతమైన వీధి ఆంధ్రదేశంలో ఉందని తెలిస్తే ఆ మైకులన్నీ అక్కడికే వస్తాయి. ఎవరికీ చెప్పకు.

నాకింకోటి అర్థం కాలేదు. అయ్య గుడి గేటు దాకా లారీ నడిపించుకొచ్చి, అక్కడ ఇంజను ఆపేసేవాడు. "సామిని జనం లాగాల, పెట్రోలు లాగకూడదు" అనేవాడు. బంపరుకి తాళ్లు కట్టి ఊరంతా లాగేది. అయ్య పని స్టీరింగు, బ్రేకు. అంతే. అది నీకూ తెలుసు. మరి ఆగిపోయే ఇంజనుకి ఇంత సంగీతసాధన దేనికి?

వచ్చే ఆదివారం అనిత నిన్ను చూడ్డానికొస్తుంది. నేను పంపలేదు, దానికే బుద్ధి పుట్టింది. మొదటి మాట అబద్ధం.

సుభద్ర


నరసన్నపేట,
ఏప్రిల్ 22.

అప్పకి,

అనిత వచ్చింది. చేపల పులుసు తిన్నది. లారీ చూసింది. ఇంజను మీ బొబ్బిలి వీణలా పలుకుతోంది, కావాలంటే ఆ పిల్లనే అడుగు.

ఈ కాలం వాళ్లకి తాడు లాగే ఓపిక లేదు. ఇన్నేళ్లూ అద్దె ట్రాక్టరే లాగింది, తాళ్లు ఊరికే పట్టుకుని ఫొటోలు దిగారు. ఇంజను మీదే పోతాం.

జగన్నాధం


బొబ్బిలి,
మే 5.

జగ్గా,

అనిత చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"నానమ్మా, లారీ జొరమొచ్చినట్టు వణికిపోతంది. చిన్నతాత చెవిలో గొట్టం పెట్టుకుని స్క్రూ తిప్పతన్నాడు. వీధిలో మైకులాటో ఒకటి మా పక్కనుంచే వెళ్లింది, తల కూడా తిప్పలేదు. ఇంతలో ఇంజను ఆగిపోయింది. తాత గొట్టం తియ్యలేదు. ఇంకా తిప్పతానే ఉన్నాడు. నాకేసి చూసి నవ్వి, ‘ఇప్పుడు సూడు, రెండూ ఎంత సమానంగా ఉన్నాయో’ అన్నాడు. నేను అవును తాతా అన్నాను."

అంత సమానంగా ఉండేది ఆగిపోయిన ఇంజనేరా.

ఎప్పటి నుంచి?

సుభద్ర


నరసన్నపేట,
మే 17.

అప్పకి,

ఆ పిల్ల మంచిది. నా ముందు ఏమీ అనలేదు.

ఎడం చెవి రిటైరయ్యేనాటికే మందగించింది. బస్సులో ఇంజను పెట్టె డ్రైవరు ఎడం మోకాలి పక్కనే కదా. కుడిది కిందటేడు నుంచీ తగ్గుతోంది. విశాఖలో డాక్టరు చూసి, మిషను పెట్టుకుంటే ఎదుటి మాట కొంత అందుతాదిగానీ సన్న చప్పుళ్లు అందవన్నాడు. కొన్నాళ్లకి అదీ పోతాదన్నాడు. ఇంట్లో తెలుసు. బయట తెలీదు. ఎవరేం మాటాడినా తలూపుతున్నాను. ఊళ్లో నాకు బాగా మంచివాడన్న పేరొచ్చింది.

నువ్వడిగావు కదా, ఇంజను దేనికని. అయ్య లారీ మలుపు తిరిగేటప్పుడు చప్పుడు వినబడితే అమ్మ ఎసరు పెట్టేది. వేరే లారీలు ఎన్ని తిరిగినా లేచేది కాదు. అయ్య కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చునేసరికి అన్నం ఉడికేది. ఆ చప్పుడు రెండు కార్బురేటర్లున్నప్పటిది. ఒకటి తీసేశాక అమ్మే అన్నాది, "ఇది మన బండి కాదయ్యా" అని. కుడి చెవి పూర్తిగా పోయేలోగా ఆ చప్పుడు ఒక్కసారి వినాల. తాళ్లు కడితే గుడి గేటు దగ్గరే ఆపెయ్యాల. ఊరంతా ఇంజను మీద పోతే అంతసేపూ వినొచ్చని ఆశ. అంతే అప్పా. వేరే ఏం లేదు.

కానీ ఏ కార్బురేటరు ఎంత పీలుస్తోందో వినబడకపోతే ఎలా కలపను? రోజూ తిప్పుతున్నాను. రోజూ చెడుతోంది.

జోగయ్యకి చెప్పకు. చెబితే స్టీరింగు ముట్టుకోనివ్వడు.

జగన్నాధం


బొబ్బిలి,
మే 26.

ఒరే జగ్గా,

నాకు నీరసంగా ఉంది. రోహిణి ఎండ ఒకటి, కరెంటు లేదు, ఊళ్లో అందరూ రాష్ట్రం రెండవుతుందని మాట్లాడుకుంటున్నారు. నాకేమో నీ రెండు కార్బురేటర్లు ఒకటవడం లేదన్నదే దిగులు. నిన్ను తిట్టడానికి కూర్చున్నాను గానీ తిట్టడానికీ ఓపిక ఉండాలి. అందుకని పని చెబుతాను.

మేస్త్రీలు గోడ మట్టం చూసే పారదర్శకపు గొట్టం ఉంటుంది చూడు, నీళ్లు పోసి రెండు కొసలూ ఇద్దరు పట్టుకుంటారు. అది పొడుగ్గా తెచ్చుకో. ఉయ్యాలలా వేలాడదీసి సగం దాకా ఆముదం పొయ్యి. ఒక కొస ముందు కార్బురేటరు కింది గొట్టానికి తగిలించు. అక్కడ వైపరు కోసం గాలి లాగే బొడిపె ఉంటుంది. వెనకదాని కింద బిరడా తీస్తే అలాంటి రంధ్రమే ఉండాలి, దానికి రెండో కొస. ఇంజను తిప్పు. ఏది గట్టిగా లాగితే ఆముదం అటు ఎక్కుతుంది. రెండు వైపులా ఒకే మట్టానికి వచ్చేదాకా స్క్రూలు తిప్పు. చెవితో పని లేదు. కళ్లు చాలు. కొసల్లో సూది బెజ్జమంత రంధ్రం ఉన్న బిరడాలు మాత్రం పెట్టు. లేకపోతే ఇంజను ఆముదం తాగేస్తుంది. ఆముదం తాగితే ఏమవుతుందో నీకు చిన్నప్పుడు అమ్మ చూపించింది.

నీ పేరింటి స్వామిని ఎప్పుడైనా సరిగ్గా చూశావా? చెవులు లేవు. అంతంత కళ్లు. పక్కనున్న నా పేరింటావిడకి చేతులే లేవు. ఈ వేళ్లతో నేనూ అంతే. అయ్య మనల్ని చూసి పేర్లు పెట్టాడో, పేర్లు చూసి మనం ఇలా తయారయ్యామో తెలియదు. వినకుండానే ఆయన ఊరేగుతున్నాడు. కానీ ఆయన స్టీరింగు పట్టుకోడు.

జోగయ్యకి నేను చెప్పను. నువ్వే చెప్పాలి. చెప్పకుండా ఆ లారీ జనంలోకి వచ్చిందా, నేనొచ్చి ముందు చక్రం ఎదుట కూర్చుంటాను. కూర్చుంటే లేచే మోకాళ్లు కావు నావి. కాబట్టి ఇది బెదిరింపనుకోకు.

సుభద్ర


నరసన్నపేట,
జూన్ 15.

అప్పకి,

నీ ఉత్తరం చింపేద్దామనుకున్నాను. ఆముదం సంగతి దాన్లోనే రాసుందని ఉంచాను.

గొట్టం తగిలించాను. బిరడాలు పెట్టలేదు, నువ్వు చెప్పావని. స్టార్టు చేశానో లేదో ఆముదం మొత్తం వెనక మూడు సిలిండర్లూ తాగేశాయి. వీధి ఆ చివర నుంచి ఈ చివరికి తెల్లటి పొగ. జనం బిందెలతో వచ్చారు. జోగయ్య పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తుకొచ్చి నోరు ఆడించాడు. "ఏటి బావా, లారీ తగలడిపోతందేటి?" అన్నాడట. అనిత లాంటి దయగలవాళ్లు పక్కన లేరు. ఇంక తలూపలేకపోయాను.

"జోగీ, నాకు నీ మాట ఇనబడదు. పొగ వల్ల కాదు" అన్నాను.

వాడు క్యాబిన్‌లోకి చెయ్యి పెట్టి ఇంజను ఆపాడు. ఆముదం మసి పట్టిన బానెట్టు మీద వేలితో పెద్ద పెద్ద అక్షరాలు రాశాడు: తాళ్లు కడదాం. దాని కింద మళ్లీ రాశాడు: పక్కనెవరు?

నాకు కోపం రాలేదు. కోపం వస్తాదనే ఇన్నాళ్లూ చెప్పలేదు. కుర్రాళ్లందరినీ పిలిచి, ట్రాక్టరు లేదు, ఈసారి చేతులతో లాగాల అని చెప్పాడట. వాళ్లు సరే అన్నారట. నేను గేటు దాకా ఇంజను మీద తోలి, ఆపేసి, అయ్యలాగే స్టీరింగు, బ్రేకు చూసుకుంటాను. పక్కన మనిషి ఉంటేనే.

రెండోసారి బిరడాలు పెట్టాను. ఆముదం అటూ ఇటూ ఊగి, ఊగి, చివరికి రెండు వైపులా ఒక్క మట్టానికొచ్చి నిలబడింది. బానెట్టు మీద ఇత్తడి గ్లాసుతో నీళ్లు పెట్టాను. తొణకలేదు.

బలభద్రం అన్న సీటు ఖాళీగా ఉన్నాది అప్పా.

జగన్నాధం


బొబ్బిలి,
జూన్ 20.

వస్తున్నాను. సీటు మీద దిండు వెయ్యి. అనిత తీసుకొస్తుంది. కోడలికి ఇంకా చెప్పలేదు, నువ్వు రాసే ఉత్తరంలో ఎక్కడా ఈ మాట ఎత్తకు.

సుభద్ర


నరసన్నపేట,
జులై 8.

అప్పకి,

క్షేమంగా చేరావని అనిత నా ఫోనుకి అక్షరాలు కొట్టి పంపింది.

నా ఎడం భుజం ఇంకా నల్లగానే ఉన్నాది. వేళ్లు పనిచెయ్యవంటూ బడినాటి చెక్కస్కేలు తెచ్చుకున్నావు చూడు, అదీ నీ బుద్ధి. జోగయ్య ఈల వేసిన ప్రతిసారీ ఆపడానికి ఒక దెబ్బ, పోనివ్వడానికి రెండు దెబ్బలు. గుడి నుంచి బజారు మలుపు దాకా ఎన్ని తిన్నానో ఆ స్వామికే తెలియాల. జనం ఒకటే నవ్వు. "మేస్టరమ్మ తమ్ముణ్ణి ఇంకా దిద్దతంది" అన్నారని మా ఇంటిది చెప్పింది. కానీ ఒక్క పిల్లడి కాలి గోరు కూడా నలగలేదు. కుర్రాళ్లు అరచేతులు కమిలినా తాడు వదల్లేదు. ట్రాక్టరు ఊసు ఎవరూ ఎత్తలేదు.

నువ్వు బస్సెక్కే ముందు ఒకటి అడుగుదామనుకున్నాను. అడగలేకపోయాను.

షెడ్డు నుంచి గుడి గేటు దాకా ఇంజను మీద వచ్చాం కదా. స్టీరింగు వణకలేదు. అరికాలికి తెలిసింది, అరచేతికి తెలిసింది, బాగుందని. కుడి చెవి మిషను కూడా పెట్టుకున్నాను. గాలి హోరులాంటిదేదో వచ్చింది. అది ఇంజనో, జనమో, మిషనో తెలియలేదు. నేను ఆలస్యం చేశాను.

నువ్వు విన్నావు కదా. ఎలా ఉన్నాది? రాసి పంపు.

జగన్నాధం


బొబ్బిలి,
జులై 19.

ఒరే జగ్గా,

నడుం ఇంకా స్వాధీనంలోకి రాలేదు. ఆ సీటులో నువ్వు వేసిన దిండు దిండు కాదు, దిండు పేరు పెట్టుకున్న గోనెసంచి. కోడలు విషయం తెలిసి నాతో మాట్లాడ్డం మానేసింది. ఇంట్లో ప్రశాంతంగా ఉంది. మైకులు లేని వీధంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది.

అడిగినదానికి జవాబు. రోజుకి నాలుగు వాక్యాల చొప్పున రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువు.

మొదట స్టార్టు చేసినప్పుడు రెండుసార్లు దగ్గింది. ఆముదం వాసన వచ్చింది. అది ఇంక ఎప్పటికీ పోదనుకుంటాను, నెత్తళ్ల వాసనకి తోడుంటుంది. తర్వాత కుదుటపడింది. ఎంత కుదుటపడిందంటే, ఆరు సిలిండర్లున్నాయని విడివిడిగా తెలియలేదు. పెద్ద గుండిగలో అడుగు నుంచి ఉడుకుతున్నట్టు, తొందర లేకుండా, ఒకటే ధ్వని. నీకు అబద్ధం రాయను. వెనక మూడింట్లో ఒకటి మాత్రం అప్పుడప్పుడు ఒక మాట ఆలస్యంగా పలుకుతోంది. దాన్ని సరిచెయ్యడానికి చూడకు. అయ్య బండికీ ఆ నత్తి ఉండేది. నువ్వు మరిచిపోయావు, నేనూ మరిచిపోయాను. విన్నాక గుర్తొచ్చింది.

మన వీధి మలుపు దగ్గర నువ్వు గేరు దించావు. అప్పుడు ఇంజను గొంతు బరువెక్కి, కిందికి దిగి, మలుపు దాటాక మళ్లీ తేలికయింది. సాలూరు నుంచి ఖాళీ బండితో వచ్చేటప్పుడు అలాగే ఉండేది. నువ్వు రోడ్డు చూస్తున్నావు కాబట్టి నన్ను చూడలేదు. స్కేలు ఒళ్లో పెట్టేశాను.

ఇంతకంటే ఎలా రాయాలో నాకు తెలియదురా. సైన్సు చెప్పినదాన్ని, కవిత్వం రాదు. జరిగింది రాస్తాను. ఆ మలుపు తిరుగుతుండగా, డెబ్బై దాటిన ముసలిదాన్ని, లారీలో కూర్చుని ఉన్నాను, చేతిలో గిన్నె లేదు, ఎదురుగా పొయ్యి లేదు. అయినా లేచి ఎసరు పెట్టాలనిపించింది.

నీ అప్ప,
సుభద్ర